గన్నేరు పక్కన

కోయిలకుంట్లలో తెల్లవారుజామున కుందూ నది వైపు నుంచి వచ్చే గాలిలో ఇంకా చలువ ఉంటుంది. ఆ మసక వెలుగులో ముందుగా కంటికి ఆనేది తెల్ల గన్నేరు. ఎర్ర గన్నేరు రంగు తేలాలంటే పొద్దు పొడవాలి.

వైశాఖంలో ఈ నల్లరేగడి నెర్రెలు విచ్చినప్పుడు కూడా గన్నేరు పచ్చగానే నిలబడుతుంది. ఏ ఆకునూ వదలని మేక దీన్ని చూసి పక్కకు తప్పుకుంటుంది. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, అన్నిటా విషమే. ఆకు ఎండినా అది పోదు. గుండె లయనే చెదరగొట్టే విషం. ఇంత విషం ఎవరి మీద కోపంతో పుట్టిందో! ఎవరి మీదా కాదేమో. ఉన్నచోటు నుంచి కదలలేని ప్రాణి తన ఆకును తాను కాచుకుంటోంది.

మన కథల్లో, సినిమాల్లో గన్నేరు పేరు వినబడితే గుండె ముందే ఝల్లుమంటుంది. దిక్కుతోచని ఓ ఆడపిల్ల కోసమే ఆ చెట్టు పెరట్లో పెరిగినట్టుంటుంది. ఆ కథల్లో ప్రాణం తీసే గింజ పప్పు పచ్చ గన్నేరుది. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరే చెట్టు. ఆ పిల్లకు బతుకు ఎందుకంత ఇరుకైందని అడగాల్సిన చోట, కథ చెట్టును చూపించి ఊరుకుందా అనిపిస్తుంది.

విషపు మొక్కల కథల్లో, అమెరికా రచయిత హాథార్న్ 1844లో రాసిన ‘రప్పచీని కూతురు’ దగ్గర మనసు ఎక్కువసేపు నిలుస్తుంది. ఇటలీలోని పాదువాలో ఒక వైద్యుడు విషపు మొక్కల తోట మధ్య కూతురు బియాట్రిస్‌ను పెంచుతాడు. ఆమె ఊపిరే విషమవుతుంది. ఆమెను మన ‘ముద్రారాక్షసం’ నాటకంలోని విషకన్యకు దూరపు చుట్టం అనుకోవచ్చు. బియాట్రిస్ తోటలోని ఊదాపూల మొక్కను తోబుట్టువుగా పిలిచి కౌగిలించుకుంటుంది. చివరికి ఆమె ప్రాణం తీసింది ప్రేమించినవాడు తెచ్చిన విరుగుడు.

ఆ విరుగుడు దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేని తొందరా అది? ప్రేమలో భయం కలిస్తే అంతేనా? ఎటూ తేలదు.

ఊళ్లోవాళ్లు గన్నేరును మార్చాలనుకోలేదు. కాయ ముట్టొద్దని పిల్లల్ని మందలిస్తారు, పూలు కోస్తారు, చేతులు కడుక్కుంటారు. ఒక ప్రాణిని దగ్గర ఉంచుకోవడానికి అంత ఎడం చాలేమో. దాని నుంచి ఇంకేమీ కోరకపోవడమూ ఒక తృప్తేనేమో.

వినాయక చవితికి సమర్పించే 21 పత్రుల్లో గన్నేరు ఆకు కూడా ఉంది.