గమనం, గంత: ఢిల్లీ–టోక్యో దూరంపై ఒక విచారణ

ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయం నుంచి టోక్యోలోని హనేదాకు భూగోళం మీద అతి దగ్గరి మార్గం సుమారు 5,860 కిలోమీటర్లు. తూర్పుగా వెళ్లే విమానం దాన్ని దాదాపు ఏడున్నర గంటల్లో దాటుతుండగా, తిరుగు ప్రయాణానికి తొమ్మిది గంటలకు పైగా పడుతుంది. ఇందుకు ముఖ్య కారణం పడమటి నుంచి తూర్పుకు చాలా ఎత్తున వీచే జెట్ ప్రవాహం. శీతకాలంలో జపాన్ మీద దాని వేగం గంటకు 200 కిలోమీటర్లను మించుతుంది. (1920ల్లో జపాన్‌లోని తతెనో వాతావరణ కేంద్రం నుంచి బెలూన్లు వదిలి ఈ గాలిని కొలిచిన ఓయిషి వసాబురో తన ఫలితాలను ఎస్పెరాంతో భాషలో ప్రకటించాడు.) అయితే దూరం ఒకటే ఉండి కాలం రెండైనప్పుడు, ‘దూరం’ వస్తువులోని గుణమా, చూసే బుద్ధి వేసుకునే లెక్కా అన్న ప్రశ్న గాలిని కొలిచినంత మాత్రాన తీరదు.

భారతీయ తత్త్వశాస్త్రంలో వైశేషిక దర్శనాన్ని అనుసరించేవారు దూరాన్ని ‘పరత్వం’, సామీప్యాన్ని ‘అపరత్వం’ అని పిలిచి గుణాలలో చేర్చారు; తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ ఈ విభాగం ఉంది. నడుమనున్న మూర్త పదార్థాల సంయోగాలు ఎక్కువైతే వస్తువు దూరమనీ, పుట్టింది మొదలు గడచిన సూర్యగతులు ఎక్కువైతే జ్యేష్ఠమనీ వారి వివరణ. ఈ రెంటికీ ‘అపేక్షాబుద్ధి’, అనగా ఒకదానితో మరొకదాన్ని పోల్చి లెక్కించే జ్ఞానం, నిమిత్తమని వారే అంగీకరించారు. తూర్పుకు పోయే ప్రయాణికుడికి సూర్యుడు త్వరపడినట్టు తోస్తుంది, గడియారాన్ని మూడున్నర గంటలు ముందుకు తిప్పవలసి వస్తుంది, అయినా ఆ మేరకు వయస్సు పెరగదు. కాలం ఒక్కటే, ఉపాధి వల్ల, అంటే వెలుపలి నుంచి చేరి భేదాన్ని తోపింపజేసే నిమిత్తం వల్ల, అది అనేకంగా కనిపిస్తుందన్న సిద్ధాంతం ఈ చిక్కును చక్కగా విప్పుతుంది. కాని చలనం మాత్రం కదిలే ద్రవ్యానికే చెందుతుందని వారు నిలిపి ఉంచారు.

బౌద్ధ మాధ్యమిక ఆచార్యుడు నాగార్జునుడు ప్రశ్నించింది సరిగ్గా దాన్నే. మూలమధ్యమకకారిక రెండవ ప్రకరణంలో ఆయన వాదం ప్రకారం, దాటిపోయిన దారిని ఇప్పుడు దాటడం లేదు, దాటవలసిన దారినీ దాటడం లేదు, ఈ రెండూ తీసివేస్తే ‘దాటుతున్న’ దారి వేరుగా మిగలదు. గమనం లేనిదే గంత, అనగా వెళ్లేవాడు, లేడు, గంత లేనిదే గమనమూ లేదు. ఇది ప్రయాణమే జరగదనడం కాదు, ప్రయాణానికి స్వతంత్రమైన స్వభావం లేదనడం. విమానం గాలిలో సాగించే వేగం, గాలి దాన్ని మోసే వేగం కలిసి నేల మీది లెక్కగా తేలతాయి కనుక, ఆ ఏడున్నర గంటలు విమానానివా, గాలివా, భూమివా అని విడదీయబోతే ఏ ఒక్కదానిలోనూ దొరకవు. ఈ విషయంలో మాధ్యమిక పక్షమే బలవత్తరం.

ఆ గ్రంథమైనా తనంతట తాను దేశాలు దాటలేదు. కుమారజీవుడు 409లో చాంగాన్‌లో చైనీసులోకి మార్చిన ఆ కారికలు, కొరియా భిక్షువు హేగ్వాన్ 625లో జపాన్‌కు తెచ్చిన సాన్‌రోన్, అంటే ‘మూడు శాస్త్రాల’, సంప్రదాయానికి ఆధారాల్లో ఒకటయ్యాయి. కృష్ణా తీరాన నాగార్జునకొండ పేరులో నిలిచిన ఆ ఆచార్యుణ్ణి జపాన్ బౌద్ధులు ‘ర్యూజు’ అని పిలుస్తారు.