దుఃఖితుని పాట ఎవరిది?

ధ్యానభాగములు: 1 సమూయేలు 16:14-23, 18:6-11, సామెతలు 25:20



దావీదు సితారా వాయింపగా సౌలు నెమ్మది పొందెనను సంగతి ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలియును. అయితే అదే దావీదు, అదే రాజు ఎదుట, మరియొక దినమున వాయించుచుండగా సౌలు ఈటె విసరెనను సంగతిని మనము అంతగా తలంచము. వాయించిన చేయి మారలేదు, వాద్యము మారలేదు. మొదట మందైనది తరువాత మందు కాకపోయెను. ఏల?

ఈ ప్రశ్నను ఇప్పుడు ఎత్తుటకు కారణమున్నది. మన సంఘములలోని యౌవనస్థులు కొందరు, నర్సులుగా, హాస్టలు వార్డెనులుగా పనిచేయువారు కొందరు, ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ అను విద్యను గూర్చి విని, దానిని నేర్చుకొనవచ్చునా అని అడుగుచున్నారు. మన మాటలో చెప్పవలెనన్న, బొమ్మ, పాట, ఆట, కథ మొదలగు కళల ద్వారా గాయపడిన మనస్సుకు చేయు చికిత్స అది. నేర్చుకొనవచ్చునా అను ప్రశ్న సులభమైనదే. దాని వెనుక కష్టమైన ప్రశ్న ఒకటున్నది. మరియొకని దుఃఖమును వెలికి తెచ్చుటకు మనకు అధికారమున్నదా? అట్లు వెలికి వచ్చిన పాట ఎవరిది?

ముందుగా ఆ విద్య ఎట్టిదో చూతము. ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు 1938లో క్షయవ్యాధితో శానటోరియములో పడియుండెను. మంచము మీదనే బొమ్మలు వేసికొనుచు తన మనస్సు తేలికపడుట కనుగొని, తోటి రోగులకును నేర్పెను. ఆర్ట్ థెరపీ అను పేరు 1942లో ఆయన పెట్టినదే. తరువాత 1970వ దశకములో అమెరికాలోని లెస్లీ కళాశాలయందు షాన్ మెక్‌నిఫ్, పావొలో క్నిల్ మొదలగువారు బొమ్మను, పాటను, నాట్యమును, మాటను విడదీయక కలిపి నేర్పసాగిరి. కార్ల్ రోజర్స్ అను ప్రసిద్ధ మనస్తత్వ శాస్త్రజ్ఞుని కుమార్తె నాటలీ రోజర్స్ కూడ ఈ త్రోవనే నడిచెను.

ఈ పనిచేయువారు దుఃఖితుని చేతికి కాగితమో, మట్టియో, డప్పో ఇత్తురు. అతడు గీచినది అందముగా ఉన్నదా లేదా అని చూడరు. నలుపు వేసినందున చావు, ఎరుపు వేసినందున కోపము అని జోస్యము చెప్పరు. ఇది ఏమని అతనినే అడుగుదురు. మాట రానియెడల ఆ బొమ్మకు ఏదైన ధ్వని ఉన్నదా, ఏదైన కదలిక ఉన్నదా అని అడిగి కనిపెట్టుకొని యుందురు. అతడు ఇంటికి పోవుటకు ముందు మనస్సు కుదుటపడెనో లేదో చూచి పంపుదురు. నేర్చుకొనగోరువారు మొదట తామే కూర్చుండి గీయవలెను, పాడవలెను, తమ గాయములను తామెరుగవలెను. పిమ్మట అనుభవజ్ఞుల కంటి ఎదుట చాలకాలము అభ్యాసము చేయవలెను. మన దేశములో 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము కళ, నాట్యము, కదలికల ద్వారా చికిత్స చేయువారిని కూడ తన పట్టికలో చేర్చినది.

మన ప్రాంతమువారికి ఇది పూర్తిగా క్రొత్త సంగతి కాదు. ఖమ్మము మొదలుకొని భద్రాచలపు అడవి అంచు వరకు ఏ పల్లెలోనైనను చావు ఇంట స్త్రీలు రాగము తీసి ఏడ్చుదురు. ఆ ఏడ్పులో చనిపోయినవాని చిన్నతనము, వాడు దున్నిన చేను, వాడు తినక విడిచిపోయిన అన్నము వరుసగా వచ్చును. కోయవారిలో డోలీలు పడిగె అను బొమ్మల గుడ్డను చూపి, వాద్యము వాయించుచు, తమ పూర్వీకుల కథలు పాడుదురు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు ఈ కళకే 2022లో పద్మశ్రీ పొందిరి, 2024లో కన్నుమూసిరి. వారు చేసినది చికిత్స అని నేననను. అది వారి జాతి జ్ఞాపకము. అయితే పెద్ద చదువులవారు ఇప్పుడు కష్టపడి కలుపుచున్న బొమ్మను, పాటను, వాద్యమును మన అడవి ఏనాడును విడదీయలేదని మాత్రము చెప్పుదును.

సంఘము కూడ దీనిని బొత్తిగా ఎరుగనిది కాదు. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు తెలుగు కీర్తనలను, కోలాటమును, నాటకమును తన పల్లె సంఘములలో ప్రోత్సహించిరి. పల్లెవాని రాగము దేవుని ఎదుట అపవిత్రము కాదని వారు నమ్మిరి.

కాబట్టి కళ మంచిదా చెడ్డదా అనునది ఇక్కడ ప్రశ్న కాదు. దానిని పట్టుకొన్న మన చేతిని గూర్చియే ప్రశ్న. ఇందును గూర్చి నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను.

2022 జూలైలో గోదావరి భద్రాచలము వద్ద 71.3 అడుగులకు లేచినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురు గనుక ఆ నీరు ఎంతటిదో తెలియును. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరదను చూచిన వృద్ధులు సహితము భయపడిరి. ఏటి ఒడ్డు ఊళ్లవారు బడులలో తలదాచుకొనిరి. మేము కొందరము బియ్యము, దుప్పట్లు తీసికొని ఒక బడికి పోతిమి. పిల్లల కొరకు కాగితములు, రంగు పెన్సిళ్లు కూడ తీసికొంటిమి. బొమ్మలు వేయించుట పిల్లలకు మంచిదని ఎక్కడనో వినియుంటిని. అంతకుమించి నాకు తెలియదు.

తొమ్మిదేండ్ల పిల్లవాడొకడు ఒక ఇల్లు వేసెను. ఇంటి ముందు గుంజకు కట్టిన మేకను వేసెను. తరువాత నల్ల పెన్సిలు తీసికొని మేకను, ఇంటిని, కాగితమంతటిని నలుపు చేయసాగెను. నేను వాని ప్రక్కన కూర్చుండి, "నాయనా, అంత నలుపెందుకురా? నోవహు కాలములో జలప్రళయము పోయిన పిమ్మట దేవుడేమి పెట్టెను? ఆ పైన ఇంద్రధనుస్సు వేయుము" అంటిని. వాడు మారు పలుకక వేసెను. నేను సంతోషించి ఆ బొమ్మను ఫోటో తీసి, తెచ్చి మా మందిరపు గోడకు అంటించితిని. చూచినవారందరు పిల్లవాని విశ్వాసమును మెచ్చుకొనిరి.

మరునాడు వాడు బొమ్మలకు రాలేదు. వాని నాయనమ్మను అడిగితిని. ఆమె ఇట్లనెను: "ఆ మేకను వాడే కట్టిండయ్యగారూ. నీళ్లొచ్చినప్పుడు తాడు ఇప్పుతనని ఉరికితే మేమే పట్టుకున్నం. చీకట్ల దాని అరుపు ఇనుకుంటనే వచ్చిండు. అప్పటిసంది ఎవరితోటి మాట్లాడతలేడు."

ప్రియులారా, ఆ మాట విన్నప్పుడు నా నోట మాట లేకపోయెను. ఆ నలుపులో వాడు ఒక సంగతి చెప్పబోవుచుండెను. నేను దేవుని ధనుస్సునే మూతగా చేసి దానిని మూసివేసితిని. గోడమీద మేము మెచ్చుకొన్న విశ్వాసము వానిది కాదు, నాది. వాని కొరకు వేయించితిననుకొన్న బొమ్మ నా కొరకే వేయించుకొంటిని, ఏలయనగా వాని నలుపును చూడలేనివాడను నేనే.

సామెతలు 25:20లో దుఃఖచిత్తుని ఎదుట పాటలు పాడువానిని జ్ఞాని చలిలో ఒకని పైబట్ట తీసివేయువానితో పోల్చెను. పుష్యమాసపు రాత్రి మన అడవి పల్లెలలో పండుకొన్నవారికి ఆ పోలిక బాగుగా తెలియును. పాట చెడ్డది గనుక జ్ఞాని అట్లనలేదు. దుఃఖితునికి మౌనము ఒక కప్పు. మనము ఇష్టపడిన పాట కొరకు దానిని లాగివేయరాదు. 137వ కీర్తనలో బబులోనువారు చెరపట్టబడినవారిని సీయోను పాట పాడుమనిరి. పాట పరిశుద్ధమైనదే, అడిగిన తీరు క్రూరమైనది. అందుచేత వారు తమ సితారాలను చెట్లకు తగిలించిరి. పాడుమని అడుగబడినవానికి పాడనని చెప్పు హక్కు కూడ ఉన్నది.

ఇప్పుడు సౌలు సంగతికి తిరిగి వత్తము. మొదటి పర్యాయము సేవకులు రాజుతో చెప్పిరి, రాజు తానే సమ్మతించి వాద్యకాని పిలిపించెను. రెండవ పర్యాయమునకు ముందు ఏమి జరిగెనో 18వ అధ్యాయములో చదువుడి. స్త్రీలు పాడిన జయగీతమే సౌలు హృదయములో ముల్లుగా నాటుకొనెను. పాట వలన గాయపడిన రాజు, ఆ పాటలో తనకంటె హెచ్చింపబడినవాని చేతి సంగీతము వలన ఎట్లు బాగుపడును? శక్తి తీగెలలో లేదు. వాయించువానికిని వినువానికిని మధ్య ఉన్న నమ్మకములో ఉన్నది. ఆ నమ్మకము విరిగినచోట ఎంత మంచి సంగీతమైనను పనిచేయదు. అప్పుడు దావీదు మరింత గట్టిగా వాయింపలేదు, తప్పించుకొని పోయెను. ఎప్పుడు ఆగవలెనో తెలియుట కూడ ఈ విద్యలో భాగమే.

వేరొకరు దీనిని ఎంత బాగుగా చేసిరో కూడ వినుడి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నాజీలు యూదులను బంధించిన టెరెజిన్ అను స్థలమునకు 1942 డిసెంబరులో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అను చిత్రకారిణిని పంపిరి. ఆమె అక్కడి పిల్లలకు రహస్యముగా బొమ్మలు నేర్పెను. ప్రతి బిడ్డ తన బొమ్మమీద తన పేరు వ్రాయవలెనని ఆమె పట్టుబట్టెను. పిల్లలను లెక్క సంఖ్యలుగా చూచిన ఆ చోట పేరు వ్రాయించుట చిన్న సంగతి కాదు. 1944 అక్టోబరులో ఆమెను ఔష్విట్జ్‌కు తీసికొనిపోయి చంపిరి. ఆ పిల్లలలో అనేకులును చంపబడిరి. రెండు పెట్టెలలో దాచిన సుమారు 4,500 బొమ్మలు మాత్రము పేర్లతో మిగిలెను. ఆమె వారిని మరణమునుండి తప్పింపలేకపోయెను. అయితే వారిది వారికే ఉంచెను. నేను గోడకు అంటించిన బొమ్మమీద ఎవరి పేరును లేదు.

ఇంత ఏడ్పునకు చోటిచ్చుట నిరీక్షణ లేనివారి పని కాదా అని పెద్దలు కొందరు అడుగుదురు. చావు ఇంట రాగము తీసిన తల్లిని మందలించి ఆపించినవారిని నేను చూచితిని. అయితే లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు ప్రభువు సమాధియొద్ద కన్నీరు విడిచెను. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినది నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని. అసలు దుఃఖపడవద్దని కాదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు మాటలాడక నేలమీద కూర్చున్నంత కాలము మంచి ఓదార్చువారు. నోరు తెరచిన తరువాతనే వారు తప్పిపోయిరి.

మరికొందరు, దీనిని అందరును చేయవచ్చునా అని అడుగుదురు. ఇందులో రెండు భాగములున్నవి. దుఃఖితునితో కూర్చుండుట, వాడు పాడిన వినుట, గీచిన చూచుట, వినినదానిని ఊరంతయు చాటకుండుట ప్రతి విశ్వాసియు చేయవలసిన పని. లోపలి గాయమును తెరచి చికిత్స చేయుట నేర్చినవారి పని. కురుపును కోయుటకు కత్తి ఉన్నంతమాత్రాన చాలదు గదా. నిద్రాహారములు మానినవారిని, చావవలెనని పలుకువారిని బొమ్మలతోను పాటలతోను మాత్రమే ఆపబూనరాదు. వారిని వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ప్రభుత్వపు టెలి-మానస్ వారు 14416 నంబరుకు ఫోను చేసినవారితో తెలుగులో మాటలాడుదురు. ఆ నంబరు మందిరపు తలుపు ప్రక్కన వ్రాసియుంచుట మంచిది.

కాబట్టి ఈ విద్య నేర్చుకొనగోరు యౌవనస్థులారా, నేర్చుకొనుడి. తగిన గురువులయొద్ద, తగినంత కాలము నేర్చుకొనుడి. అయితే రంగులకంటె ముందు కనిపెట్టుటను నేర్చుకొనుడి. నలుపు నలుపుగా ఉన్నంతసేపు దాని ప్రక్కన కూర్చుండ గలుగుటయే ఇందులో మొదటి పాఠము. ఇంద్రధనుస్సు వేయుట మన పని కాదు. నోవహుకును అది జలములు ఇంకిపోయిన తరువాతనే కనబడెను, దానిని ఉంచినది దేవుడే.

నేను ఆ బొమ్మను గోడనుండి తీసి, ఫోటోను చెరిపి, తిరిగి ఆ బడికి పోయి పిల్లవానికి ఇచ్చితిని. "ఇది నీది, నాకు తెలియక తీసికొంటిని" అని చెప్పితిని. క్రొత్త కాగితము ఇయ్యగా వాడు తీసికొనలేదు. నేనేమియు అడుగక చాలసేపు ప్రక్కన కూర్చుంటిని. ఆ దినము వాడేమియు పలుకలేదు. మరునాడు కూడ పోతిని. సాయంకాలము లేచుచుండగా వాడు ఆ మేక పేరు నాతో చెప్పెను. అంతే. వానికి స్వస్థత కలిగెనని నేను వ్రాయను. ఆ పేరును కూడ ఇక్కడ వ్రాయను. అది వానిది.

ఈ మాసపు కూటములలో ఆలోచించుకొనుటకు: మన సంఘములో ఎవరి దుఃఖమును మనము తొందరపడి కీర్తనతో మూసివేసితిమి? వారియొద్దకు పోయి, ఏమియు పాడక, ఒక గడియసేపు కూర్చుండగలమా?