పోయినవాళ్ళకొక ఇల్లు

మనిషి పోయాక మనం చేసే పనుల్లో ఎక్కువ భాగం జ్ఞాపకం చుట్టూ తిరుగుతాయి. ఫొటో పెద్దది చేయించి దండ వేస్తాం. కళ్ళజోడు బీరువాలో దాస్తాం. ఫోన్లో నంబరు తీసెయ్యడానికి చెయ్యి రాదు. వాళ్ళను మనలో నిలుపుకోవాలనే తాపత్రయం ఇదంతా. కానీ లోకంలో కొందరు చాలాకాలంగా వేరే ప్రశ్న వేసుకుంటున్నారు. పోయినవాళ్ళకు ఏం కావాలి? వస్తే ఎక్కడ కూచుంటారు? ఏం తింటారు? దుఃఖంలో ఉన్న మనిషిని లేపి నిలబెట్టేది ఈ ప్రశ్నేనని నాకిప్పుడు గట్టి నమ్మకం. మారేడుమిల్లిలో నీటిరంగుల పెట్టె ముందేసుకుని కూచున్న రోజుల్లో ఆ నమ్మకం కుదిరింది.

అమ్మ పోయిన తర్వాత వచ్చిన నవంబరు అది. అక్కడికి వెళ్ళడానికి మొదటి వారాన్ని కావాలనే ఎంచుకున్నాను. నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికోలో మృతుల పండుగ చేస్తారు. మొదటిరోజు పసితనంలో పోయిన పిల్లలు, రెండోరోజు పెద్దవాళ్ళు తమ ఇళ్ళకు వస్తారని అక్కడివాళ్ళ విశ్వాసం. వాళ్ళకోసం ఇంట్లో మెట్లు మెట్లుగా పీఠం కడతారు. దానిమీద వాళ్ళ ఫొటోలు, దూరం నుంచి దాహంతో వచ్చేవాళ్ళకు గ్లాసు నిండా నీళ్ళు, ఉప్పు, కొవ్వొత్తులు, ఆ పండుగకే చేసే తియ్యటి రొట్టె పెడతారు. పోయినాయనకు చుట్ట ఇష్టమైతే చుట్ట, మందు ఇష్టమైతే మందు. వీధి గుమ్మం నుంచి పీఠం దాకా బంతిపూల రేకులు చల్లి దారి వేస్తారు. ఆ రంగునూ వాసననూ పట్టుకుని తమ ఇల్లు గుర్తుపడతారట. 2008లో యునెస్కో ఈ పండుగను మానవాళి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఆ బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. సముద్రాలు దాటి మన దగ్గరికి వచ్చి, మన గుమ్మానికీ బతుకమ్మకూ పాడెకూ కూడా తనే అయిపోయింది. తేదీ కూడా మనకు పరాయిది కాదు. అదే నవంబరు 2న మన ఊళ్ళలో కతోలిక కుటుంబాలు సమాధుల పండుగ చేసుకుంటాయి. ముందురోజే సమాధులు కడిగి, సున్నం వేసి, సాయంత్రానికి పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని వెళతారు. తెలంగాణలో పెత్రమాసనాడు పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చుకుంటారు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, వాళ్ళకు ఇష్టమైనవి వండి, విస్తరి వేసి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు కట్టుకుంటారు, తింటారు. ఉత్తరాంధ్రలో ఆ రోజు పేరే పెద్దల పండుగ. దేవుడు ఎవరైనా, తిథి ఏదైనా, పని ఒక్కటే. వచ్చేవాళ్ళకు చోటు చెయ్యడం, వాళ్ళకు నచ్చింది పెట్టడం.

మారేడుమిల్లికి రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం మీదుగా దారి. అక్కణ్ణించి ఘాట్ రోడ్డు చింతూరు వైపు దిగి భద్రాచలం పోతుంది. పాములేరు వాగు, జలతరంగిణి, అమృతధార జలపాతాలు చూడటానికీ, బొంగులో చికెన్ తినడానికీ సెలవురోజుల్లో జనం కార్లేసుకుని వస్తారు. మామూలు రోజుల్లో ఊరు నెమ్మదిగానే ఉంటుంది. చుట్టుపక్కల గూడేల్లో ఎక్కువమంది కొండరెడ్లు. వాళ్ళ ఇంటిభాష తెలుగే. కొత్తగా వచ్చిన మామిడికాయనైనా, కొత్త ధాన్యాన్నైనా, ముందు దేవతకూ పెద్దలకూ చెల్లించాకే నోట పెట్టుకునే కొత్తల పండుగలు వాళ్ళవి. పోయినవాళ్ళ వాటా తీశాకే ఉన్నవాళ్ళ వాటా. కొండ ఇచ్చినదాన్ని పంచుకోవడంలో ఇంతకన్నా మర్యాద నాకు తెలీదు.

నన్ను బొమ్మల దగ్గరికి తీసుకెళ్ళింది మాత్రం ఇవే తూర్పు కనుమలు ఈశాన్యంగా సాగినచోట, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ, ఆవల ఒడిశాలోనూ ఉండే సవరలు. మనకు వాడుకభాషను గెలిచిపెట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ ఏళ్ళతరబడి నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించింది వాళ్ళ భాషకే. సవర ఇళ్ళ లోపలి గోడలమీద ఎడిసింగ్ అనే బొమ్మ ఉంటుంది. ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండిని నీళ్ళలో కలిపి, కొస నలగ్గొట్టిన పుల్లతో గీస్తారు. నలుపు కావాలంటే మసి. నేను డబ్బులు పోసి కొనుక్కున్న రంగులకూ ఆ పిండికీ మధ్య సూత్రంలో పెద్ద తేడా లేదు. పొడి, నీళ్ళు, వాటిని పట్టి ఉంచే గోడో కాగితమో.

వెరియర్ ఎల్విన్ సవరల మతం గురించి 1955లో ప్రచురించిన పెద్ద పుస్తకంలో ఈ బొమ్మల పద్ధతంతా నమోదు చేశాడు. ఇంట్లో జబ్బు చేస్తుంది, లేదా పోయిన బంధువు కలలో కనబడతాడు. పూజారి విచారిస్తే, ఆ పోయినవాడు, నాకు ఉండటానికి చోటు లేదు, ఇల్లు కట్టండి అంటాడు. అప్పుడు గోడమీద ముందు ఒక చతురస్రం గీస్తారు. అదే ఇల్లు. ఆ గీతల లోపల ఆయనకు కావలసినవన్నీ వేస్తారు. ఏనుగులు, గుర్రాలు, చెట్లు, నెమళ్ళు, కావిడి మోసేవాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు. కాలం మారేకొద్దీ సైకిలు, రైలు, విమానం కూడా వచ్చి చేరాయి. బొమ్మ అయ్యాక, వచ్చి చూసుకోమని ఆయన్ను పిలుస్తారు. లోటుందని చెబితే మళ్ళీ పుల్ల పట్టుకుని అది కూడా చేరుస్తారు. ఇందులో పోయినవాడి పోలిక ఎక్కడా ఉండదు. ఆయన ముఖం గీయాలన్న ఆలోచనే లేదు. ఆయన ఉండబోయే ఇంట్లో ఏముండాలన్నదొక్కటే ఆలోచన.

ఇది చదివినప్పటినుంచీ నా మనసులో ఒక ముడి విడుతూ వచ్చింది. అమ్మ పోయాక నేను గీసినవన్నీ ఆమె ముఖాలే. ఏ బొమ్మలోనూ ఆమె కుదురుగా కూచోలేదు. ముఖం గీయడం అంటే ఆమెను నా దగ్గర కట్టేసుకోవడం. ఇల్లు గీయడం అంటే ఆమెకు అవసరమైంది అమర్చడం. మొదటిదాంట్లో నా వెలితి ఉంది. రెండోదాంట్లో ఆమె ఉంది.

అయితే సవరల బొమ్మను తీసుకొచ్చి నా కాగితంమీద దించడం న్యాయంకాదు. ఆ బొమ్మల్లోని త్రికోణపు మనుషులు ఇప్పుడు చీరలమీదా, సంచులమీదా, హోటలు గోడలమీదా కనబడుతున్నారు. గీసేవాళ్ళకు నాలుగు రూకలు వస్తే సంతోషమే. కానీ పిలుపు లేకుండా బొమ్మ ఒక్కటే ఊరేగితే దానిలోంచి ఏదో తప్పుకుంటుంది. మెక్సికోలోనూ ఇలాంటిదే జరిగింది. 2015లో జేమ్స్ బాండ్ సినిమాకోసం మృతుల పండుగ పేరుతో ఒక ఊరేగింపును కల్పించారు. అంతకుముందు మెక్సికో నగరంలో అలాంటి ఊరేగింపు లేదు. సినిమా చూసి జనం అడుగుతారని మరుసటి ఏడాది నుంచి నగరమే దాన్ని నిజంగా జరపడం మొదలుపెట్టింది. ఊరేగింపు వీధిలో సాగుతుంది. పీఠం మాత్రం ఇంటి లోపల, ఒక పేరున్న మనిషి కోసం ఉంటుంది. పరాయివాళ్ళ పండుగ నుంచి మనం తీసుకోదగ్గది వేషం కాదని నాకనిపిస్తుంది. వాళ్ళు తమ మనుషుల్ని అడిగే ప్రశ్నను మనం మన మనుషుల్ని అడగాలి.

అడిగాను. అమ్మా, నీకేం కావాలి?

అమ్మకు బస్సు ప్రయాణమంటే ప్రాణం. ఎక్కడికి అన్నది ఆమెకు పట్టేది కాదు. కిటికీ పక్క సీటు దొరికితే చాలు. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ తప్ప ఇల్లు కదలని బతుకులో ఆ కిటికీ ఒక్కటే ఆమె సొంతం. మారేడుమిల్లి ఎప్పుడూ చూడలేదు. అందుకని కాగితంమీద నాలుగు గీతలు గీసి, లోపల ఘాట్ రోడ్డు వేశాను. మలుపులో ఒక బస్సు. వెదురు పొదలు. అడుగున పాములేరు. వేడి కాఫీ గ్లాసు ఒకటి. ముదురాకుపచ్చ చీర ఒకటి, కొనిపెడతానని నేను మాటిచ్చినది.

నీటిరంగుల్లో ఒక నియమం ఉంది. పారదర్శకంగా వేసే పద్ధతిలో తెల్లరంగు వాడరు. వెలుతురు ఎక్కడ కావాలో అక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ముందే నిర్ణయించుకుని, చుట్టూ రంగు పారుతున్నంతసేపూ ఆ చోటును కాపాడుకోవాలి. ఒకసారి రంగు ఎక్కిందంటే ఆ తెలుపు మళ్ళీ పూర్తిగా రాదు. బస్సు కిటికీని అలా వదిలాను. వదలడమంటే ఊరుకోవడం కాదని చేతికి అప్పుడు తెలిసింది. బొమ్మ మొత్తంలో నేను ఎక్కువ జాగ్రత్తపడ్డది ఏమీ వెయ్యని ఆ కాస్త చోటు దగ్గరే. పోయినవాళ్ళకోసం మనం చెయ్యగలిగింది కూడా ఇదే అనుకుంటాను. మన పనులు, మాటలు, పశ్చాత్తాపాలు అన్నివైపుల నుంచీ పారి వస్తూంటే, వాళ్ళ చోటును నింపెయ్యకుండా కాపలా కాయడం.

నవంబరులో మారేడుమిల్లిలో మంచు తొందరగా విడవదు. కొండగాలిలో చెమ్మ. మైదానంలో టీ తాగేలోపు ఆరిపోయే పూత అక్కడ చాలాసేపు తడిగానే ఉంటుంది. సగం ఆరిన పూతమీద తడి కుంచె ఆనిస్తే నీళ్ళు రంగును తోసుకుపోయి అంచు కట్టిన మరకలు పడతాయి. అందుకని ఆగాలి. దుఃఖంలో ఉన్న మనిషికి ఆగడం చాలా కష్టం. ఏదో ఒకటి సర్దాలని, ఎవరితోనో ఒకరితో మాట్లాడాలని చెయ్యీ నోరూ కొట్టుకుంటాయి. ఆ తడికాగితం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచోవడం నాకు జపంతో సమానమైంది. ఆధ్యాత్మికం అనే మాటకు నా వరకు అర్థం అంతే. మన ఆత్రంతో నిమిత్తంలేకుండా జరిగే ఒక పనికి సమయమివ్వడం.

సవరల గురించి తెలుసుకోవలసింది ఇంకొకటుంది. పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1975 నుంచీ ఒడిశా సవరల ఊళ్ళకు వెళుతూ, వాళ్ళు తమ మృతులతో మాట్లాడే తీరు రాశాడు. పూనకం వచ్చిన పూజారిణి నోట పోయినవాళ్ళు మాట్లాడతారు. చుట్టూ కూచున్న ఇంటివాళ్ళు జవాబు చెబుతారు, ఏడుస్తారు, వాదిస్తారు, బతిమాలతారు. ఒక్కరోజుతో అయిపోదు, ఏళ్ళు నడుస్తుంది. మొదట్లో పోయినవాళ్ళు ఏ జబ్బుతో పోయారో దాన్నే ఇంటివాళ్ళకు అంటిస్తారని భయం. మాటలూ మర్యాదలూ సాగేకొద్దీ వాళ్ళు మెత్తబడి, పంటను కాచే పెద్దలవుతారు, పుట్టిన బిడ్డకు తమ పేరు ఇస్తారు. చివరికి ఆ లోకంలో కూడా ఒకసారి చనిపోయి సీతాకోకచిలుకలవుతారు. అప్పటికి వాళ్ళను ఎరిగినవాళ్ళెవరూ మిగిలి ఉండరు. ఆయన మొదట చూసినవాళ్ళ తర్వాతి తరంలో చాలామంది బాప్టిస్టు క్రైస్తవులై ఈ సంభాషణ మానేశారు. 2017లో వచ్చిన ఆయన పుస్తకం ఆ మార్పు గురించే. ఇల్లు కట్టడం పోయినవాళ్ళను శాశ్వతంగా ఆపుకోవడానికి కాదని ఈ కథంతా చెబుతోంది. నిలవడానికి చోటు దొరికితేనే వాళ్ళు ముందుకు కదలగలుగుతారు. మెక్సికోలోనూ నవంబరు 2 దాటితే అతిథులు వెళ్ళిపోతారు. మన విస్తరి కూడా ఎత్తెయ్యాల్సిందే. చోటు ఇవ్వకపోతే పోయినవాళ్ళు ఇంటినిండా, ఒంటినిండా పరుచుకుంటారు. అప్పుడు వాళ్ళకూ స్థిమితం లేదు, మనకూ లేదు.

కొండ దిగాక రాజమహేంద్రవరంలో ఆగి దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళాను. 1897లో ఆ ఊళ్ళోనే పుట్టి, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకుని, తిరిగొచ్చి ఆంధ్ర చిత్రకళకు దారి వేసిన మనిషి. 1925లో మశూచితో పోయేనాటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. భార్య సత్యవాణిగారు, మిత్రుడు వరద వెంకటరత్నంగారు ఆ బొమ్మల్ని చెదరనివ్వకుండా కాపాడారు. వాళ్ళ దుఃఖం ఎంతటిదో మనం కొలవలేం. కానీ వాళ్ళు దాన్ని ఏ పనిలో పెట్టారో ఈరోజుకీ వెళ్ళి చూడొచ్చు. ఆ యువకుడికి ఏం కావాలని అడిగి ఉంటే, నా బొమ్మలు పదిమంది చూడాలి అనేవాడేమో. వాళ్ళు ఆ పని చేశారు. నీటిరంగులు బలమైన వెలుతురుకు వెలిసిపోతాయి, చెమ్మకు బూజు పడతాయి. అలాంటివాటిని నూరేళ్ళు దాటించడం కూడా ఒక ఎడిసింగే.

దుఃఖాన్ని మరిచిపొమ్మనేవాళ్ళు ఒకవైపు, ఎప్పటికీ మరవకూడదనేవాళ్ళు ఒకవైపు ఉంటారు. ఇద్దరూ మన మనసు సంగతే మాట్లాడుతున్నారు. పోయినవాళ్ళ సంగతి మాట్లాడేది పండుగలు. తేదీ పెట్టి, చోటు చూపించి, చేతికి పనిచ్చి, అడగమంటాయి. వచ్చే సంక్రాంతికి మీరు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు చేతికందిన చీరో పంచో పెట్టి లేవకండి. నాన్నకు ఏ రంగు ఇష్టం, అమ్మమ్మ ఏం తినేది, తీరని కోరిక ఏదైనా ఉందా అని ఇంట్లో పిల్లల ముందు ఒకరినొకరు అడగండి. జవాబు దొరికితే అది పెట్టండి. దొరకనిది కాగితంమీద గీసి పెట్టండి. గీతలు వంకరపోయినా ఫరవాలేదు, ఆ బొమ్మ మెప్పుకోసం కాదు. పిల్లలు అది చూసి, రేపు మనకోసం ఏం అడగాలో నేర్చుకుంటారు.