బెంచీ మీద కూర్చున్న పిల్ల

"సార్, మా బిడ్డను ఎందుకు ఆడిపిస్తలేరు?"

స్కూలు పోటీలు జరిగే ఏ గ్రౌండు అంచునైనా, ఏదో ఒక తండ్రో తల్లో పీఈటీ సారును అడిగే మాట ఇది. కబడ్డీలో ఏడుగురికే చోటు. ఖోఖోలో తొమ్మిది మందికి, సాఫ్ట్‌బాల్‌లోనూ తొమ్మిది మందికే. తెలంగాణలోని పాలకుర్తి వైపు మొదటి రెండూ వాకిట్లో పుట్టి పెరిగిన ఆటలు, సాఫ్ట్‌బాల్ మాత్రం స్కూల్ గేమ్స్ జాబితాతో పాటు వచ్చింది. ఏ ఆటైనా బెంచీ తప్పదు. జట్టులో పేరుండి, బూట్లు కట్టుకుని, చివరి విజిల్ దాకా గీత బయటే కూర్చున్న పిల్ల ఒకతి ఉంటుంది. ఆ పిల్ల గురించి పెద్దవాళ్లిద్దరు గొంతు పెంచుకుంటారు. ఆమె మాత్రం తల వంచుకుని బూటు లేసు సర్దుకుంటుంది.

సారు దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: "మంచిగ ఆడేటోళ్లు ఆడుతరు." వినడానికి న్యాయంగానే ఉంది. కాని పన్నెండేళ్ల వయసులో ‘మంచిగ ఆడటం’ అంటే ఏమిటి? అండర్-14 జట్టులో పదమూడు నిండినదీ ఉంటుంది, పదకొండు దాటనిదీ ఉంటుంది. ఒకతి అప్పటికే ఏపుగా ఎదిగింది, ఇంకొకతికి బ్యాటే బరువు. కెనడాలో ఐస్ హాకీ ఆడే పిల్లల పుట్టిన తేదీలను 1980లలో పరిశీలించిన వాళ్లకు వింత కనిపించింది. జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ. ప్రతిభ అనుకున్నదాంట్లో కొంత, నాలుగు నెలలు ముందు పుట్టడమే అన్నమాట. మన దగ్గర ఆ లెక్క కూడా సరిగా తేలదు. బడిలో చేర్చిననాడు పంతులు రాసిందే పుట్టినరోజైన తరం ఒకటుంది. ఆ తరంలో సగం మంది జూన్‌లో పుట్టారని రిజిస్టరు చెబుతుంది! ఇప్పుడు జనన ధ్రువపత్రాలు వచ్చాయి, తేదీలు నిజమయ్యాయి. అయినా ఒళ్లు ఎదిగే వేగం ఏ పత్రంలోనూ ఉండదు. ఇవాళ బెంచీ మీదున్న పిల్ల రెండేళ్ల తర్వాత అందరికన్నా బలంగా విసరవచ్చు, ఆనాటికి ఆటలో మిగిలి ఉంటే.

తండ్రి అడిగేదాంట్లో మాత్రం అంతా ప్రేమే ఉందా? తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది, చదువుల్లోనూ కొంత వాటా ఉంది. రాష్ట్ర స్థాయికో జాతీయ స్థాయికో వెళ్లిన జట్టులో పేరుంటే కాగితం చేతికొస్తుంది. ఎన్ని ఇన్నింగ్స్ ఆడిందని ఆ కాగితం అడగదు. అందుకే "ఆడకున్నా మంచిదే, సర్టిఫికెట్ అయితే వస్తది గద సార్?" అనే తండ్రీ ఉంటాడు. పట్నంలో కూర్చుని ఈ మాటకు నవ్వడం తేలిక. రెండెకరాల పత్తి మీద బతికే ఇంట్లో ఆ కాగితం ఒక తరానికి తలుపు తీయగలదు. నేను నవ్వలేను. అయితే ఒకటి గమనిస్తాను: ఈ తండ్రికి ఆట అక్కరలేదు, గొడవపడే తండ్రికి కావాలి. మరి ఇద్దరిలో పిల్లకు దగ్గరగా ఉన్నది ఎవరు? నిజంగా చెప్పలేను.

ఎవరు ఆడాలనే ఈ తగాదాను అమెరికాలో నియమంతో తీర్చాలని చూశారు. 1939లో పెన్సిల్వేనియాలో పుట్టిన లిటిల్ లీగ్ 1974లో సాఫ్ట్‌బాల్‌నూ చేర్చుకుంది. చిన్న వయసు విభాగాల్లో వాళ్లకు ఒక కట్టడి ఉంది. ఆటకు వచ్చిన ప్రతి పిల్లా కనీసం ఆరు అవుట్ల సేపు ఫీల్డింగ్‌లో నిలబడాలి, ఒక్కసారైనా బ్యాట్ పట్టాలి. ఆరు అవుట్లంటే రెండు ఇన్నింగ్స్. సాఫ్ట్‌బాల్ స్వభావంలోనే కొంత దయ ఉందనిపిస్తుంది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వెళ్లిన మనిషికి ఆ రోజు ఆట అయిపోయినట్టే. సాఫ్ట్‌బాల్‌లో మొదట దిగినవాళ్లు ఒకసారి బయటికొచ్చి, మళ్లీ తమ స్థానానికి తిరిగి వెళ్లవచ్చు. మధ్యలో ఇంకో పిల్లకు చోటు దొరుకుతుంది. మంచి ఏర్పాటే. కాని ఆరు అవుట్లు ఇచ్చేశాక సారు చేతులు దులుపుకోవచ్చా? గెలుపు ఖాయమయ్యాక, ఎవరూ చూడని చివరి రెండు ఇన్నింగ్స్‌లో ఆమెను నిలబెడితే నియమం నెరవేరుతుంది. పిల్లకు మాత్రం అర్థమైపోతుంది. పన్నెండేళ్ల పిల్లలు భిక్షను చాలా త్వరగా గుర్తుపడతారు.

మళ్లీ పాలకుర్తికి వస్తే, ఈ ఊరి కవి పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో గొడగూచి కథ చెప్పాడు. తల్లిదండ్రులు ఊరెళ్తూ, శివుడికి రోజూ పాలు పట్టమని చిన్నపిల్ల గొడగూచికి అప్పగిస్తారు. తీసుకెళ్తే శివుడు తాగడు. నాన్న తిడతాడని భయపడి, ఏడ్చి, తల పగలగొట్టుకోబోతే అప్పుడు తాగుతాడు. పెద్దవాళ్లు తిరిగొచ్చాక ఆ మాట నమ్మరు. తండ్రి గుడికి వచ్చి, నా ముందు తాగించు అంటాడు. ఆయన చూస్తుంటే శివుడు తాగడు. తండ్రి కొట్టబోతే పిల్ల లింగాన్ని కావలించుకుని అందులో కలిసిపోతుంది, తండ్రికి దొరికింది జుట్టే. భక్తులు ఈ కథను ముగ్ధభక్తికి నిదర్శనంగా చదువుతారు. నాకు మాత్రం గ్రౌండు అంచున చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రి కనిపిస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు. తన కళ్లతో చూస్తేగాని జరగలేదనుకునేవాడు, అంతే. రోజూ సాయంత్రం ప్రాక్టీసులో పిల్ల ఎంత నేర్చుకుందో, ఎవరితో నవ్విందో, ఏ బంతిని మొదటిసారి పట్టిందో ఆయన చూడలేదు. ఆయన చూసే గంటే ఆయనకు ఆట. ఆ గంటలో ఆమె బెంచీ మీద ఉంటే, మొత్తం ఏడాదే బెంచీ మీద ఉన్నట్టు.

అలాగని, మీరు చూడకండి, అడగకండి అని సారు అనగలడా? పాలకుర్తి చాకలి ఐలమ్మ ఊరు కూడా. కౌలుకు చేసుకున్న పొలంలో తన పంట మీదికి భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపితే, సంఘం అండతో నిలబడి గింజ పోనివ్వని మనిషి ఆమె. అలాంటి చోట ‘ఎందుకు’ అని అడగటం దురుసుతనం అనడానికి నాకు నోరు రాదు. నన్ను ఇబ్బంది పెట్టేది వేరొకటి. అడగడానికి రాగలిగేది ఎవరు? ఆటల పోటీల కాలంలోనే పత్తి ఏరుడు మొదలవుతుంది. కూలికి పోయిన తల్లి ఒక పూట మానుకుని గ్రౌండుకు రాలేదు, వచ్చినా సారు ముందు కుర్చీలో కూర్చోదు. సర్పంచి ఇంటి మనిషి బైకు దిగి ఒక మాట అంటే, మరుసటి ఆటలో ఆయన పిల్ల దిగుతుంది. ఎవరు బయటికి వచ్చారు మరి? తల్లి రాని పిల్ల. సారు ఒక ఫిర్యాదు తీర్చాననుకుంటాడు, నిజానికి దాన్ని నోరులేని ఇంటికి బదిలీ చేశాడు. తల్లిదండ్రులతో ఎలా నెగ్గుకురావాలని వ్యాయామ ఉపాధ్యాయులు మాట్లాడుకున్నప్పుడు, వచ్చి అడిగేవాళ్ల గురించే మాట్లాడుకుంటారు. రానివాళ్ల లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?

అమెరికా జట్లలో చాలాచోట్ల ఇంకో అలవాటు ఉంది, ఆట ముగిసిన 24 గంటల దాకా సారుతో ఈ సంగతి ఎత్తొద్దంటారు. కోపం చల్లారాలని. పాలకుర్తి లాంటి చోట ఇది కుదురుతుందా అని నా సందేహం. తెల్లారి చాయ్ బండి దగ్గర ఆ ఇద్దరే ఎదురవుతారు. బహుశా ఆ తండ్రికి కూడా ఆ సారే పరుగు నేర్పి ఉంటాడు. ఆగమనడం కన్నా ముందే చెప్పడం ఇక్కడ నయం. జట్టు కట్టిన రోజునే, పిల్లలందరి ముందు: ఎవరెవరు దేనికి దిగుతారు, ఎవరు ఏది నేర్చుకుంటే దిగుతారు, ఏ మ్యాచ్‌లో గెలుపు చూస్తాం, ఏ మ్యాచ్‌లో అందరినీ ఆడిస్తాం. సమయం సమానంగా పంచడం సాధ్యం కాకపోవచ్చు. కారణం చెప్పడం సాధ్యమే. అదీ తండ్రికన్నా ముందు పిల్లకు.

గురుకులాల్లో పరిస్థితి ఇంకో రకం. తల్లిదండ్రులు ఎప్పుడో వస్తారు, పోటీలు చూడరు. ఆట ఎట్లయింది బిడ్డా అని ఫోన్లో అడిగితే, బెంచీ మీద కూర్చున్న పిల్ల "మంచిగ ఆడిన అమ్మా" అంటుంది. గొడగూచి నిజం చెబితే తండ్రి నమ్మలేదు, ఈ పిల్ల అబద్ధం చెబితే అమ్మ మురిసిపోతుంది. తర్వాత ఎప్పుడో హాస్టలుకు వచ్చి, "మా పిల్ల మంచిగ ఆడిందట గద సార్" అని ఆ తల్లి అడిగితే సారు ఏమనాలి? అవునంటే అబద్ధంలో తానూ చేరాడు. కాదంటే పిల్ల పరువు తీశాడు. నేనైతే ఆ రెండూ చెప్పొద్దంటాను. పిల్లను పక్కకు పిలిచి, "అమ్మకు ఏం చెప్పుదాం?" అని ముందు ఆమెనే అడగమంటాను.