జీతం లేని నాట్యం

జమైకా నేషనల్ డాన్స్ థియేటర్ కంపెనీని 1962లో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, రెక్స్ నెటిల్‌ఫోర్డ్, ఎడ్డీ థామస్ స్థాపించారు. ఆఫ్రికన్ మూలాలనీ కరీబియన్ జానపద నృత్యాలనీ ఆధునిక నాట్యంతో కలిపి తమ ప్రజల కథ చెప్పడం దాని ఆశయం. కళాకారులకి జీతం లేదు. పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన.

మొదట చదివినప్పుడు దణ్ణం పెట్టాలనిపించింది. తర్వాత బెంగ పట్టుకుంది. ప్రేమతో చేసే పనికి డబ్బేమిటన్న మాట మా అమ్మ జీవితమంతా వింది. ఆమెకి 'చెయ్యను' అనే వీల్లేదు. నర్తకికి ఉంది.

మానుకునే వీలున్నప్పుడే అది సేవ. మరి ఆ సాయంత్రాలు నర్తకి ఇంట్లో వంటెవరు చేస్తారు? బిడ్డనెవరు చూస్తారు? ఈ ప్రశ్న వేసుకోకుండా ఏ సంస్థా త్యాగాన్ని తన విలువగా చెప్పుకోకూడదు.