ఓడిన రోజు కూడా మనవాళ్లే

రింగులో దెబ్బలు తినేటప్పుడు బాక్సర్ ఒంటరివాడే. గెలిచాడని రెఫరీ చెయ్యెత్తి చూపగానే ఒక ఊరు, ఒక మతం, ఒక జాతి వచ్చి అతని వెనుక నిలబడతాయి. ఓడి మెట్లు దిగేటప్పుడు వాళ్లలో ఎంతమంది మిగులుతారు? ఈ ప్రశ్న మనసులో మెదిలినప్పుడల్లా నాకు బార్నీ రాస్ గుర్తొస్తాడు.

అతని పుట్టుపేరు డోవ్ బెర్ రసోఫ్‌స్కీ. చికాగోలోని పేద యూదుల వాడలో తండ్రి చిన్న కిరాణా దుకాణం నడిపేవాడు. మతగ్రంథాలు చదువుకున్న మనిషి, కొట్లాటలంటే గిట్టేది కాదు. ఆయన్ని దొంగలు దుకాణంలోనే కాల్చి చంపారు. తల్లి మనసు చెదిరింది. చిన్నపిల్లలు అనాథాశ్రమం పాలయ్యారు. వాళ్లందరినీ మళ్లీ ఒక్క గూటికి చేర్చాలని ఆ కుర్రాడు పేరు మార్చుకుని గ్లవ్స్ తొడిగాడు. 1933లో టోనీ కాంజొనేరిని ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఏడాదే జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. తోబుట్టువుల కోసం మొదలుపెట్టిన పోరులో ఇప్పుడు యూదు జాతి మొత్తం తన పరువును చూసుకుంది.

1938 మే 31న హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అతణ్ని చితకబాదాడు. ఆట ఆపించేస్తామని తనవాళ్లే అన్నా రాస్ ఒప్పుకోలేదు. పదిహేను రౌండ్లూ కాళ్ల మీద నిలబడే ఓడాడు. అదే అతని ఆఖరి పోటీ. అతని గెలుపులన్నిటికన్నా ఆ రాత్రే నాకు పెద్దది. ఎవరి మెప్పూ దక్కదని తెలిసిన చోట కూడా మనిషి తన విలువను తానే కాపాడుకోగలడని అది చూపించింది.

అలాంటి బరువు మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ కూడా మోసింది. ఆడపిల్లకు బాక్సింగ్ ఏమిటి, ఆ నిక్కర్లేమిటి అని చుట్టూ ఉన్నవాళ్లు గొణిగినా తండ్రి జమీల్ అహ్మద్ వెనక్కి తగ్గలేదు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ గెలిచింది. తాను ఆడేది దేశం కోసమని, హిందూ ముస్లిం అన్న లెక్క తనకు లేదని ఆమె చెప్పాల్సి వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5తో ఓడి కన్నీళ్లు పెట్టుకుంది. ఆమెను ఓడించిన వూ యూ చివరకు స్వర్ణం గెలిచింది. అయినా చాలామందికి గుర్తున్నది నిఖత్ ఓటమి ఒక్కటే.

మా వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో పుట్టిన దీప్తి జీవాంజిది బాక్సింగ్ కాదు, పరుగు. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన ఆ పిల్లను చూసి ఊరు ఎగతాళి చేసింది. కూలి చేసుకు బతికే తల్లిదండ్రులు ఆ మాటలన్నీ దిగమింగారు. 2024లో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ఆమె తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అప్పుడు అందరికీ ఆమె సొంత బిడ్డయింది.

ఆ ప్రేమ అబద్ధమని నేననను. అయితే అది చాలా ఆలస్యంగా వచ్చింది, పతకాన్ని ముందుగా వసూలు చేసుకుని వచ్చింది. రాస్ యూదుల గౌరవం కోసం, నిఖత్ ఆడపిల్లల హక్కు కోసం, దీప్తి మనిషిగా గుర్తింపు కోసం అసాధ్యమైనంత గెలవాల్సి వచ్చింది. మిగతావాళ్లకు పుట్టుకతోనే దక్కే చోటును వీళ్లు చెమటతో, నెత్తురుతో కొనుక్కున్నారు. ఇది వాళ్ల గొప్పతనం, సమాజంగా మన అన్యాయం కూడా.

పతకం తెచ్చిన బిడ్డకు హారతి పట్టడం ఎవరైనా చేయగలరు. ఏ రికార్డూ సాధించలేని, ఏ పత్రికలోనూ కనిపించని మరో పిల్లను అదే వీధిలో తల్లిదండ్రులు తలెత్తుకుని నడిపించగలిగిన రోజునే, ఆ విజేతలకు మనం నిజంగా రుణం తీర్చుకున్నట్టు.