కనిపించని వేలం: అంతర్జాల ప్రకటనలు – వినియోగదారుని స్వేచ్ఛ

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లికి, ఆదోని యార్డులో పత్తికి వేలం జరుగుతుంది. రైతు తెచ్చిన సరుకు అందరి ఎదుట ఉంటుంది. కొనేవారెవరో, పలికిన ధర ఎంతో అతనికి తెలుస్తుంది. అదే రైతు చేతిలోని ఫోనులో మరొక వేలం జరుగుతుంది. అతడు ఒక పుట తెరిచిన కనురెప్పపాటులో, ఆ పుటలోని ఖాళీ స్థలం కోసం ప్రకటనకర్తల తరఫున యంత్రాలు పోటీపడతాయి. అక్కడ అమ్ముడయ్యేది అతని దృష్టి. కాని అమ్మేది అతడు కాదు. ధర అతనికి తెలియదు. ఈ భేదం లేవనెత్తే నైతిక ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కోరికను ప్రేరేపించడం వర్తకానికి కొత్త కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో వ్యాపారి కూడా వచ్చినవారి తీరును బట్టి మాట మార్చగలడు. అయితే అక్కడ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ‘ఆ ధరకు అది దండగ’ అని చెప్పడానికి పక్కన బంధువో, ఊరివారో ఉంటారు. అంతర్జాల ప్రకటన వినియోగదారుని వయస్సును, ఊరిని, వెదికిన పదాలను, చూసి కొనక వదిలిన వస్తువును ఆధారం చేసుకొంటుంది. ఒకే ఇంట తండ్రికి వచ్చే పిలుపు కుమార్తెకు వినిపించదు. అందువల్ల దానిని పరీక్షించవలసిన పదిమంది మాటకు అక్కడ చోటుండదు. ఇందులోని అసలు నష్టం ఇదే.

వర్షాధారమైన కర్నూలు, కడప పల్లెల్లో ఈ నష్టం మరింత బరువైనది. వేరుశెనగ, పత్తి డబ్బు పంట చేతికి వచ్చినప్పుడే కనబడుతుంది. విత్తనం, వడ్డీ, పిల్లల చదువు అన్నీ దానిపైనే ఆధారపడతాయి. ఖర్చును వాయిదా వేయడం ఇక్కడ బ్రతుకు నేర్పిన వివేకం. ‘రెండే మిగిలాయి’, ‘ఇప్పుడు కొని తరువాత చెల్లించండి’ అనే మాటలు కోరికకు, నిర్ణయానికి మధ్యగల ఆ వ్యవధినే హరిస్తాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో నిషేధించిన 13 మోసపు పద్ధతులలో కృత్రిమ తొందర కలిగించడం ఒకటి.

దీనికొక ఆక్షేపణ ఉంది. ఎమ్మిగనూరు, మాధవరం చేనేతకారులు దూరప్రాంతపు కొనుగోలుదారులను చేరడానికి ఇటువంటి ప్రకటనలే తోడ్పడగలవు. ఇది కాదనలేనిది. కాని చీర కోరేవారికి చీరను చూపడం వేరు, కొనేవారి బలహీన క్షణాన్ని కనిపెట్టి చూపడం వేరు. మొదటిది సమాచారం, రెండవది వశీకరణం.

సర్వోన్నత న్యాయస్థానం 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. 18 ఏళ్లలోపు వారిని లక్ష్యం చేసుకొనే ప్రకటనలపై నిషేధాన్నీ చేర్చింది. వివేకం పక్వం కానివారికి ఇది హానికరమని చట్టమే అంగీకరించినట్లయింది. అయితే అప్పుల ఒత్తిడిలో, అర్ధరాత్రి ఒంటరిగా తెర చూసే పెద్దవారి వివేకం ఎంత స్వేచ్ఛగా ఉంటుంది? చదవని షరతుల కింద నొక్కిన ‘అంగీకరిస్తున్నాను’ చట్టరీత్యా సమ్మతి కావచ్చు, నైతికంగా కాదు.

బహిరంగంగా ప్రకటించలేని నియమంపై ఆధారపడి ఇతరుల హక్కులను తాకే చర్య అన్యాయమని 1795లో కాంట్ ప్రతిపాదించాడు. ఆయన దృష్టిలో ఉన్నది రాజ్యవ్యవహారమైనా, ఆ గీటురాయి ఇక్కడికీ చెల్లుతుంది. ‘నీవు అలసిన వేళ చూసి ఇది చూపుతున్నాము’ అని ముఖాముఖి చెప్పగలిగినా నిలిచే ప్రకటన ధర్మబద్ధం. చెప్పగానే కూలిపోయేది కాదు. యార్డులో సరుకుకు దక్కే బహిరంగత ఆ సరుకును పండించిన మనిషికీ దక్కాలి.